చిన్నాయన యాంటెనా ఎక్కించిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంటికి టీవీ వచ్చిన రోజుకన్నా, ఆ టీవీలో బొమ్మ వచ్చిన రోజే నాకు బాగా గుర్తు. రెండింటికీ మధ్య ఒక వారం గడిచింది. ఆ వారమంతా బొంబాయి కామాటిపురాలో, వరుస గదుల మా చాల్‌లో పై అంతస్తు పిల్లలందరం బడి నుంచి రాగానే మా ఖోలీలో చేరేవాళ్లం. ఖోలీ అంటే ఒక్కటే గది. వంటా, పడకా, చుట్టాలూ అన్నీ అందులోనే. ఏమీ రాని ఆ టీవీ ముందు ఒకరి మీద ఒకరం పడి కూర్చునేవాళ్లం. మీట నొక్కితే తెరమీద తెల్లటి చుక్కలు, పెనం మీద నువ్వులు వేగినట్టు చిటపటలాడేవి. ఆ చుక్కల్లోనే ఒకరికి కన్ను కనిపించేది, ఇంకొకరికి మీసం కనిపించేది. ఎవరికి ఏం కనిపించిందో చెప్పుకుంటూ సాయంత్రాలు గడిపేశాం.

బొమ్మ రాకపోవడానికి కారణం యాంటెనా లేకపోవడం. చేపముల్లులాంటి ఆ అల్యూమినియం కడ్డీలు కొనుక్కొచ్చి గోడకు ఆనించి పెట్టారు కానీ, పైకప్పు మీద వాటిని ఎవరు నిలబెట్టాలన్న దగ్గర మా నాయినకూ చిన్నాయనకూ కుదరలేదు. నాయిన ఇళ్లకు రంగులేసే పని చేసేవాడు. ఆయన తమ్ముడే మా చిన్నాయన. అప్పటికి పెళ్లి కాలేదు, మాతోనే ఉంటూ నాగ్‌పాడాలో ఒక లేత్ కార్ఖానాకు పోయేవాడు. ఫాక్‌లాండ్ రోడ్డు మీద టీవీలు బాగుచేసే మెకానిక్‌ను పిలుద్దామని నాయిన అన్నాడు. వెళ్లి అడిగితే, చేతినిండా పని ఉంది, మంగళవారం వస్తానన్నాడట. ఆదివారం సాయంత్రం సినిమా మాత్రం మంగళవారం దాకా ఆగదు కదా. పైగా మా ఖోలీలో సినిమా చూపిస్తామని చిన్నాయన అంతస్తంతా చెప్పేసి ఉన్నాడు.

"నాలుగు కడ్డీలు, ఒక పైపు. పొద్దంత ఇనుము కోసెటోన్ని, నేను పెట్టనా? గింత పనికి మెకానిక్ ఎందుకే అన్నా?" అన్నాడు చిన్నాయన.

"పని తెల్వడం వేరే, పెంకుల మీద నిలబడడం వేరేరా" అన్నాడు నాయిన.

ఇద్దరూ తీర్పు కోసం మా అవ్వ వైపు చూశారు. అవ్వ అంటే వాళ్లమ్మ. పాలమూరు నుంచి పెళ్లయిన కొత్తలో తాతతో పాటు బొంబాయి వచ్చి, ఎన్నో మేడలకు నెత్తిన తట్ట పెట్టుకుని సిమెంటు మాలు మోసిన మనిషి. ఆమె ఎవరి పక్షమూ వహించలేదు. మంచం కిందికి వంగి, తను పని మానేసినా పారేయకుండా దాచుకున్న పాత తాడు బయటికి లాగింది. ఎక్కితే ఎక్కు, ఇది కట్టుకుని ఎక్కు అంది.

చిన్నాయన ముఖం ముడుచుకున్నాడు. అప్పటికే వరండా నిండా జనం. తాడు చూసి, మీ యమ్మ దూడను కట్టేసినట్టు కడ్తదంటరా అని ఒకాయన నవ్వాడు. కొంగుముడి ఎవరితో వేస్తున్నారని పక్కింటి అక్క అడిగింది. ఆ మాటతో చిన్నాయన తాడును పక్కకు తోసేశాడు. అవ్వ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, యాంటెనా పైపు భుజాన పెట్టుకుని మెట్ల వైపు నడిచింది. నేనే ఎక్కుతా, నాకు తాడు కట్టుకోవడానికి సిగ్గు లేదు అంది. ఆమె నిజంగానే ఎక్కుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నాయన పరుగెత్తి పైపు లాక్కుని, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. అవ్వ ఆయన చంకల కిందుగా తాడు చుట్టి, నవ్వేవాళ్లు నవ్వుతుండగానే ముడి బిగించింది.

మా మెట్ల పైన అటకలో ఒక చిన్న కిటికీ ఉండేది. అందులోంచి దూరితే నేరుగా పెంకుల మీదికి పోవచ్చు. చిన్నాయన పైపుతో అలా పైకి వెళ్లాడు. అవ్వ కిటికీ పక్కనున్న కొయ్య స్తంభానికి తాడు ఒక చుట్టు తిప్పి, తను ముందు పట్టుకుని, వెనక కొస నా చేతిలో పెట్టింది. మరీ బిగించొద్దు, మరీ వదలొద్దు అని చెప్పింది. చిన్నాయన కప్పు నడినెత్తిన, కొప్పు దగ్గర పైపు నిలబెట్టి తిప్పడం మొదలుపెట్టాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కింద మా ఖోలీలో పిల్లలంతా టీవీ ముందు చోటు పట్టుకుని కూర్చున్నారు. నాయిన తెర చూస్తూ ఏమొస్తుందో చెబితే, వరండాలోని పక్కింటి అక్క ఆ మాటనే పైకి అరిచి అందిస్తోంది. టీవీ టవరు వర్లీలో ఉంది, అటు తిప్పమని ఒకరు, అటు కాదు ఇటు తిప్పమని ఇంకొకరు. గీతలొచ్చాయన్నారు. మాట వస్తోంది, మనిషి లేడన్నారు. మనిషి వచ్చాడు కానీ తలకిందులుగా పాకుతున్నాడన్నారు. ప్రతి కబురుకూ నా కాళ్లు మెట్ల వైపు లాగుతున్నాయి. మా ఇంటి టీవీలో మొదటి బొమ్మ నేను కాక ఎవరో చూసేస్తారన్న బాధ నాది.

"ఒక్కసారి చూసొస్త అవ్వా" అన్నాను.

అవ్వ నా వైపు తిరగలేదు. ఆమె కళ్లు పెంకుల మీదే ఉన్నాయి. "అందరు బొమ్మనే చూస్తుండ్రు బిడ్డా. మనం వాన్ని చూద్దాం" అంది.

అప్పుడే కింద నుంచి ఒక్కసారిగా కేక లేచింది. బొమ్మ వచ్చింది. సినిమా మొదలవుతోంది. వరండాలో ఈలలు, చప్పట్లు. పైన చిన్నాయన కూడా సంతోషం పట్టలేక, మమ్మల్ని చూసి నవ్వుతూ ఇటు తిరిగాడు. తిరిగిన ఆ కాలి కింద పెంకు పగిలింది.

నా అరచేతుల్లోంచి తాడు సర్రున జారి, స్తంభం దగ్గర బిగుసుకుని ఆగిపోయింది. అవ్వ రెండు కాళ్లూ గోడకు తన్నిపెట్టి వెనక్కి వాలింది. నేను ఆమె వెనక కొసను పొట్టకు అదుముకుని కూర్చుండిపోయాను. చిన్నాయన చూరు దాకా జారి, అక్కడ ఆగాడు. పడేటప్పుడు ఆసరా కోసం యాంటెనాను పట్టుకున్నట్టున్నాడు, అది పక్కకు తిరిగిపోయింది. కింద బొమ్మ పోయింది. ఇక చూడాలి, ఆ చాల్ అంతా ఒక్క గొంతుతో ఆయన్ని తిట్టింది. ఏం చేస్తున్నవురా పైన, నిద్రపోయినవా, తిప్పు అని. ఆ మనిషి తాడుకు వేలాడుతున్నాడని అవ్వకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

అవ్వ కేకలు వేయలేదు, ఎవరినీ పిలవలేదు. మెల్లగా మాట్లాడుతూ, తాడు కొంచెం కొంచెం లాక్కుంటూ, చిన్నాయనను మళ్లీ కొప్పు దాకా పాకించింది. ఆయన పెదవులు తెల్లబడిపోయాయి. దిగొస్తానన్నాడు. దిగమంటుందనే నేనూ అనుకున్నాను.

"సల్లగ కూసో. ఊపిరి పీల్చుకో" అంది అవ్వ. "తాడు మా చేతుల్లనే ఉంది. భయం పోయినంక, దాన్ని తిప్పి రా. భయంతోని దిగితే మళ్ల ఎన్నడూ ఎక్కవు."

ఆయన కాసేపు కొప్పును కౌగిలించుకుని కూర్చున్నాడు. నా వైపు చూశాడు. నేను చేతిలోని తాడు ఎత్తి చూపించాను. ఆయన లేచి, ఈసారి పెంకుల అంచులు చూసుకుంటూ నడిచి, యాంటెనా తిప్పి, తీగతో బిగించాడు. కింద మళ్లీ చప్పట్లు మోగాయి. ఆయన కిటికీలోంచి లోపలికి దూకాక అవ్వ ముందు ఆయన చేతులూ కాళ్లూ తడిమి చూసింది. తరవాత వీపు మీద ఒక్కటి చరిచింది.

ఆ సాయంత్రం సినిమా అంతా చూశాం. అంతస్తంతా మా ఖోలీలోనూ, పట్టనివాళ్లు వరండాలోనూ. చిన్నాయన నన్ను అందరికన్నా ముందు కూర్చోబెట్టాడు. కమిలిన నా అరచేతులకు కొబ్బరినూనె రాశాడు. ఎందుకని ఎవరో అడిగితే సినిమా చూడమన్నాడు.

మర్నాడు ఆయనే ఫాక్‌లాండ్ రోడ్డుకు పోయి, ముందు చెప్పినట్టే మంగళవారం రమ్మని మెకానిక్‌కు గుర్తుచేసి వచ్చాడు. వానాకాలం గాలులకు ఆ పైపు నిలవాలంటే గట్టిగా కట్టించాలన్నాడు. నాయిన దెప్పలేదు. మెకానిక్ వచ్చినప్పుడు సంచిలోంచి తన తాడు తనే తీసుకున్నాడు. మామూలుగా కొస దేనికో కట్టేసి ఒక్కడినే ఎక్కుతాను, పట్టుకునేవాళ్లు ఎవరుంటారని నవ్వాడు. చిన్నాయన ఆ తాడు కొస అందుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. టీవీలో బొమ్మ పోయి, వచ్చి, మళ్లీ పోయింది. కింద నుంచి ఎంత పిలిచినా ఆయన ఒక్కసారి కూడా లేచి వెళ్లలేదు.

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. మేముండే బిల్డింగు మీదికి డిష్ బిగించడానికి కుర్రాళ్లు వస్తుంటారు. చేతిలో ఫోను, చెవిలో పాట, పిట్టగోడ మీద ఒక కాలు. మా మనవలు ఇంట్లోంచి బొమ్మ వచ్చింది రమ్మని మరాఠీలో కేకేస్తారు. వస్తానంటాను. కానీ ఆ కుర్రాడు గోడ దిగి, రెండు కాళ్లూ నేల మీద పెట్టేదాకా నేను డాబా మీద నుంచి కదలను.