అడగని మనిషి బాకీ

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి చదివే రోజుల్లో, మా ఇంట్లో అబద్ధాలు చెప్పే పని నాది. మా నాయినకు అబద్ధం నోట్లోనే తడబడేది, అమ్మ ముఖం చూస్తేనే దొరికిపోయేది. అందుకని తలుపు చప్పుడైతే నన్ను ముందుకు తోసేవాళ్లు. తొమ్మిదేళ్ల పిల్ల మాటను ఎవరు అనుమానిస్తారులే అని వాళ్ల ధైర్యం. నేనూ ఆ పని బాగానే చేసేదాన్ని, లోలోపల కొంచెం గర్వపడేదాన్ని కూడా. ఇప్పుడు ఆ గర్వం గుర్తొస్తే సిగ్గేస్తుంది.

మేం గోదావరిఖనిలో రేకుల ఇళ్ల లైనులో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నాయిన బొగ్గుబాయిలో, అదే గనిలో, బొగ్గు ఎత్తే బదిలీ ఫిల్లర్. అంటే పర్మినెంటు మనిషి రాని రోజునే ఆయనకు పని, పని దొరికిన రోజుకే కూలి. అట్లాంటి ఇంట్లో బొగ్గుపెళ్ల విరిగిపడి కాలు చితికి, ఆయన నాలుగు నెలలు మంచాన పడితే ఇక చెప్పేదేముంది. అప్పుడు చేసిన అప్పులు రెండేళ్లు దాటినా మమ్మల్ని వదల్లేదు. కిరాణం కొట్టు బాకీ ఒకటి, బాయి గేటు దగ్గర కాపు కాసే వడ్డీ ఆయనది ఒకటి, ఖాలా దగ్గర తీసుకున్న రెండు వందలు ఒకటి.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, ఆమెను పిల్లలమంతా అట్లాగే పిలిచేవాళ్లం. ఆమె మా లైనులోనే నాలుగిళ్ల అవతల ఉండేది. ఆమె భర్తది కూడా బాయిలోనే పని. ఆమె పాతబట్టలు కలిపి చేత్తో బొంతలు కుట్టి అమ్మేది. కుట్టుమిషను కొనుక్కుందామని ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న రెండు వందలను, నాయినను దవాఖానలో చేర్చిన రోజున అమ్మ అడగకముందే తెచ్చి చేతిలో పెట్టింది. వడ్డీ మాట ఎత్తలేదు, ఎప్పుడిస్తావని కూడా అనలేదు.

నోరున్నవాడిదే రాజ్యం అని ఊరికే అనలేదు. జీతాల రోజు వడ్డీ ఆయన గేటు దగ్గర నలుగురిలో నాయిన చొక్కా పట్టుకున్నంత పని చేసేవాడు, కాబట్టి ముందు ఆయనకు. కిరాణం ఆయన ఉప్పు కూడా ఇవ్వనని బెదిరించేవాడు, కాబట్టి తర్వాత ఆయనకు. ఖాలా ఏమీ అనేది కాదు, కాబట్టి ఆమెకు ఏమీ మిగిలేది కాదు. పైగా అమ్మ ఆమెను తప్పించుకుని తిరగడం మొదలుపెట్టింది. ఖాలా ఇంటి ముందున్న నీళ్ల నల్లా మానేసి లైను చివరి నల్లాకు పోయేది. అంత దూరం బిందెలు మోసి నడుం నొప్పని మూలిగేది గానీ దగ్గరి నల్లా వైపు మాత్రం చూసేది కాదు. ఇచ్చిన మనిషి మామూలుగానే ఉంది, తీసుకున్న మేమే దొంగల్లా తిరిగాం.

దసరా దగ్గర పడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఖాలా మా ఇంటి వైపే వస్తూ కనబడింది. పండుగ ముందర వస్తోందంటే పైసలకే అనుకుంది అమ్మ. నాకు కనుసైగ చేసి తలుపు వెనక్కి జరిగి నిలబడింది. నేను గడపలోకి వెళ్లి తడుముకోకుండా చెప్పాను.

"అమ్మ నాయినకు సద్ది తీస్కపోయింది ఖాలా."

నా తెలివి అక్కడే బయటపడింది. ఆ మాట నేను మా అవ్వ వాళ్ల ఊళ్లో నేర్చుకున్నది. అక్కడ మధ్యాహ్నం పూట ఏ ఇంట్లో అడిగినా ఆడమనిషి పొలానికి సద్ది తీసుకుపోయిందనే చెప్తారు. కానీ భూమి లోపల బొగ్గు ఎత్తే మనిషికి సద్ది ఎవరు తీసుకుపోతారు? పొద్దున డబ్బా చేత పట్టుకుని బాయిలో దిగినవాడు మళ్లీ షిఫ్టు అయ్యాకే పైకి వచ్చేది. ఆ డబ్బాలు రోజూ కడిగి అన్నం సర్దే మనిషికి నేను ఆ అబద్ధం చెప్పాను.

ఖాలా నా ముఖం వైపు చూసింది. నన్ను దబాయించలేదు, లోపలికి తొంగి చూడలేదు. గొంతు మాత్రం కొంచెం పెంచింది, తలుపు వెనక ఉన్న మనిషికి వినబడేంత.

"అట్లనా బేటా. పైసల కోసం రాలేదని చెప్పు. మా ఆయనకు శ్రీరాంపూర్ ట్రాన్స్‌ఫర్ అయ్యింది. రేపు పొద్దుగాల సామాన్ల లారీ వస్తది. పోయేముందు మీ అమ్మను ఒక్కసారి చూసి పోదామని వచ్చిన."

ఆమె వెళ్లిపోయాక నేను తలుపు వెనక్కి చూశాను. అమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది.

అంతలో మా అవ్వ వచ్చింది. ఆమె నాయిన తల్లి. కొడుకు కాలు విరిగినప్పుడు ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. గిర్నీలో పిండి పట్టించుకుని వస్తూ, ఖాలా కళ్లు తుడుచుకుంటూ పోవడం చూసిందట. ఏం జరిగిందని అమ్మను అడగలేదు, నన్ను అడిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెంప పగులుతుందనుకున్నాను. అవ్వ పిండి డబ్బా కింద పెట్టి, దాని పక్కనే కూలబడి, అమ్మతో నెమ్మదిగానే అన్నది.

"ఎవని నోరు పెద్దగుంటే వానికి ఇస్తిరి. అడగని మనిషికి మొఖం సాటేస్తిరి. అడగకపోవుడు గూడ ఆమె తప్పేనా?"

ఇంట్లో ఉన్నవి ఇరవై ఐదు రూపాయలే, అవి కూడా వడ్డీ ఆయన కోసం తీసి పెట్టినవని అమ్మ చెప్పుకుంది. రెండు వందల బాకీకి పాతికతో వెళ్తే అది ఇంకా సిగ్గు కదా అని ఏడ్చింది. పోతే పోదాం గానీ పొద్దు గూకినాక పోదామని బతిమాలింది. అవ్వ వినలేదు.

"అబద్ధం పట్టపగలు ఆడితిరి, నిజం చీకట్ల చెప్తరా?" అని పాతిక రూపాయలు కొంగున కట్టుకుని లేచింది.

అవ్వ ముందు, వెనక అమ్మ, ఆ వెనక నేను. ప్రతి గడపలో ఎవరో ఒకరు బియ్యం ఏరుతూనో, పిల్లలకు తల దువ్వుతూనో కూర్చుని ఉన్నారు. అమ్మ నెత్తి మీద కొంగు కప్పుకుని నేల చూపులు చూస్తూ నడిచింది. నాలుగిళ్ల దూరమే, నాకు మాత్రం ఆ దారి తెగలేదు.

ఖాలా ఇంట్లో గిన్నెలన్నీ పాత చీరల్లో మూటలు కట్టి ఉన్నాయి. సగం కుట్టిన బొంత ఒకటి సూది గుచ్చి అట్లాగే మంచం మీద ఉంది. ఈ పిల్ల నీకో మాట చెప్పాలంట అని అవ్వ నన్ను ముందుకు నిలబెట్టింది. అంత చురుకైన నా నోరు ఆ రోజు పెగల్లేదు. చివరికి ఏడుస్తూ, అమ్మ ఇంట్లోనే ఉందని, తలుపు వెనకే ఉందని చెప్పాను. నాకు తెలుసు బేటా అంటూ ఖాలా నన్ను దగ్గరికి తీసుకుంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

"రెండొందలది నాకు ఫికర్ లేకుండె. నువ్వు నల్లా మార్చినవు సూడు, అది మనసుకు తగిలింది."

అమ్మ మూటల మధ్యనే కూర్చుని ఏడ్చింది. అవ్వ ఓదార్చలేదు. ఏడుపు తగ్గిందాకా ఆగి పాతిక రూపాయలు తీసి ఇస్తే ఖాలా చేతులు వెనక్కి పెట్టుకుంది. అప్పుడు అవ్వ అన్న మాట నాకు పెద్దయ్యాక గానీ పూర్తిగా అర్థం కాలేదు.

"తీస్కో బిడ్డా. నువ్వు వద్దంటే వీళ్లు మళ్ల నీకు కనబడకుంట తిరుగుతరు."

ఖాలా తీసుకుంది. జీతాల రోజున చేతనైనంత, పదో అయిదో, శ్రీరాంపూర్ పోయే మనిషితో పంపాలని అక్కడే ఒప్పందం చేసింది అవ్వ. ఏమీ లేని నెలలో లేదని కబురు కూడా పంపాలని అమ్మతో గట్టిగా చెప్పింది. వడ్డీ ఆయన ఆ నెల మా గడపలోకే వచ్చి లైనంతా వినేట్టు తిట్టాడు. నాయిన తల దించుకునే బయటికి వెళ్లి, ఈసారి సగమే ఉందని, నన్ను పంపకుండా తనే చెప్పాడు. వడ్డీ ఆయన తిట్టి తిట్టి సగం తీసుకుని పోయాడు.

బాకీ తీరడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆఖరి పది రూపాయలు ఇవ్వడానికి నాయిన నన్ను బస్సులో శ్రీరాంపూర్ తీసుకుపోయాడు. ఖాలా గడపలో నిలబడి మమ్మల్ని గుర్తుపట్టలేదు. దగ్గరికి వచ్చి నా ముఖం తడిమి, అప్పుడు నవ్వింది. ఇక మిషను కొనుక్కోమని నాయిన అంటే, సూది బెజ్జమే కనబడతలేదు, మిషనేం చేసుకోవాలని అన్నది, అదేదో వేళాకోళం అయినట్టు. నాతో సూదులకు దారం ఎక్కించుకుంది. ఉన్న అయిదు సూదులకూ ఎక్కించి ఇచ్చాను. పైసకు పైస ఇచ్చేశాం. అయినా ఆమె కళ్లున్నప్పుడు తీసుకుని కళ్లు పోయాక ఇచ్చాం.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఆయన జబ్బులో పక్కింటి అమ్మాయి దగ్గర తీసుకున్న బాకీ ఇంకా కొంత ఉంది. పింఛను వచ్చిన రోజు మందులకు పోను ఉన్నదాంట్లో ఎంతో కొంత పట్టుకుని వెళ్తాను. ఏమీ మిగలని నెలలు కూడా ఉంటాయి. ఆ నెలల్లో సిగ్గు కాళ్లకు అడ్డం పడుతుంది, రేపు పోదాంలే అనిపిస్తుంది. అయినా పట్టపగలే వెళ్లి ఆమె తలుపు తట్టి, ఈ నెల లేదు బిడ్డా అని చెప్పి, ఆమె ఇచ్చిన చాయ్ తాగి వస్తాను.