బుడిపె కట్టని శెనగ

మా పెద్దబాపు పట్టుకున్న శెనగ మొక్క తమకే దొరికిందని ఆయన పనిచేసిన ఆఫీసోళ్లు రాసుకున్నరు. పెద్ద పోస్టర్ చేసి వరండల గోడకు పెట్టుకున్నరు. ఆయన మొన్న మంగళవారం పొద్దుగాల గౌలిపురల మా ఇంట్లనే, చాయ్ గ్లాసు పక్కకు పెట్టి, గోడకు ఒరిగి పోయిండు. పోస్టర్ మీద ఆ మాట ఇంకా అట్లనే ఉంది. ఈ రెండూ ముందుగాల మీకు చెప్పాలె. ఆయన గురించి తర్వాత చెప్త.

నాకు ఏడుపు రాలె. ఇప్పటికీ రాలె. ఇంట్ల మైల ఉండంగనే శుక్రవారం పనికి పోయిన. పోకుంటే నా జాగల ఇంకొకరిని పెడ్తరు.

మా పెద్దబాపు ఒక వ్యవసాయ పరిశోధన సంస్థల ల్యాబ్ అటెండెంటు. ముప్పై ఏండ్లు ఆయన చేసిన పని వేర్లు కడుగుడు. శెనగ, పెసర, పల్లి, ఏ పప్పుజాతి మొక్కనన్న జాగ్రత్తగ పీకి చూడుండ్రి, వేర్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటయి. వాటిల బ్యాక్టీరియా కాపురం ఉంటది. గాలిల నత్రజని పట్టి మొక్కకు ఇస్తది, మొక్క దానికి తిండి పెడ్తది. ఆ బుడిపెలు తెగకుండ మట్టి కడగాలె. నల్లా కింద పెడితే రాలిపోతయి. ఆయన మూడు బకెట్లు పెట్టుకునేది. మొదటి దాంట్ల మట్టి నానాలె, రెండో దాంట్ల పోవాలె, మూడో దాంట్ల వేరు చూపుకు ఆనాలె. నన్ను కూడ కాంట్రాక్టు మీద ఆ పనికే పెట్టిచ్చిండు. ఆయన ఏడో తరగతి, నేను ఇంటర్ ఫెయిల్. మిగతాదంత ఇద్దరం చూసి, విని, అడిగి నేర్చుకున్నదే.

మెంతి కూడ ఆ జాతే, కూరగాయల బండి కాడ మెంతికూర కట్ట తీసుకుంటే పెద్దబాపు ముందు వేర్లు చూసేది. బుడిపె దొరికితే బొటనగోరుతోని చీరి నాకు చూపెట్టేది. లోపల ఎర్రగుంటే పని చేస్తున్నట్టు. బండాయనకు అర్థం గాక, "కూర కొంటవా, పంచాంగం చూస్తవా భాయ్" అనేటోడు.

కొన్నేండ్ల కింద ల్యాబుల ఒక వరస శెనగలు పచ్చగ లేకుండ పసుప్పచ్చగ అయినయి. పెద్దబాపు కడిగి చూస్తే మూడో బకెట్ల వేర్లు నున్నగ ఉన్నయి, ఒక్క బుడిపె లేదు. అక్కడి పెద్దసారు ఈయన్నే తిట్టిండు, బ్యాక్టీరియా కల్చర్ కలుపుడు మర్చిపోయినవని. మెమో ఇచ్చిండు. అదే కుండిల పక్క మొక్కకు నిండ బుడిపెలు ఉన్నయి సార్, నేను మర్చిపోతే దానికెట్ల వచ్చినయని ఈయన అడిగిండు. పీకి పారెయ్యమన్నరు. పీకిండు. ఒకదాన్ని మాత్రం తడిగుడ్డల చుట్టి, అఫ్జల్‌గంజ్‌ల బస్సు మారి, ఇంటికి తెచ్చిండు.

అది బతికి పదకొండు గింజలు ఇచ్చింది. మర్సటి చలికాలం వాటిని డాబా మీద కుండీలల్ల, కడిగిన ఇసుకల పెట్టిండు, కల్చర్ కలిపి. మొలిచినయి, పసుప్పచ్చగనే వచ్చినయి. కల్చర్ కలిపినా ఇట్లనే వచ్చినయంటే తేడా గింజలనే ఉందని ఆయన ఖుషీ అయిండు. పది దినాలకు ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చి చూస్తే అన్నీ నల్లపచ్చగ నిగనిగలాడుతున్నయి. అక్కడనే కూసుండిపోయిండు.

మాది పాలు అమ్మేటోళ్ల ఇల్లు. కింద నాలుగు బర్రెలు. పేడకు కరువు లేదు. మా పెద్దమ్మ రోజూ చెంబెడు పేడనీళ్లు పోసింది.

"పసిపోరలు పాలిపోయినట్టు ఉంటే సూసుకుంట ఊకుంటరా? గట్ల సూస్తవేంది, బతికిచ్చిన గద" అన్నది.

"బతికిచ్చినవు. నా ముచ్చటనే సంపినవు" అని నవ్విండు. తిట్టలె.

పేడల నత్రజని ఉంటది. అది అందితే మంచి శెనగ కూడ బుడిపె కట్టదు. అంటే ఆ ఏడాది పంట ఏ సాక్ష్యానికీ పనికిరాదు. "కడుపు నిండినోడు చుట్టాన్ని పిలువడు బిడ్డా" అన్నడు నాతోని. మళ్ల మొదటి నుంచి పెట్టిండు. రెండోసారి పెద్దమ్మ ఆ కుండీల పక్కపొంటి పోయినప్పుడల్ల మొకం పక్కకు తిప్పుకునేది, చూస్తే మనసు ఆగదని.

మూడో చలికాలం ఒక్క కుండిల ఒక పచ్చ మొక్క, ఒక పసుపు మొక్క పెంచి, బస్సుల ఒళ్లె పెట్టుకొని తీస్కపోయి పెద్దసారు టేబుల్ మీద పెట్టిండు. ఆయన చాలాసేపు చూసి, పెట్టిపో అన్నడట. అంతే.

తర్వాత అది పెద్ద ముచ్చట అయింది. ఆ మొక్కల ఏ జీన్ చెడిందో దొరికింది. సెమినార్ అయితుంటే పెద్దబాపు చాయ్ ట్రే పట్టుకొని తలుపు కాడ నిలబడి విన్నడు. ఇంటికొచ్చి నాకు చెప్పిండు. మొక్కలల్ల ఒక పాత జీన్ ఉంటదట, బూజు లెక్క వచ్చే దుష్మన్లను వాసన పట్టేది. ఎప్పుడో లక్షల తరాల కింద అది పొరపాటున రెండైంది.

"జిరాక్స్ తీసినట్టు అనుకో. అసలు కాయిదం బీరువల భద్రంగ ఉంది. ఇగ జిరాక్స్ మీద ఎంత గీకినా ఫికర్ లేదు. గీకంగ గీకంగ ఒకదాని మీద పనికొచ్చే మాట పడ్డది."

ఆ నకలు జీన్ దుష్మన్‌ను కాకుండ దోస్తును గుర్తు పట్టుడు నేర్చింది. అట్ల ఒక్కటి రెండై, రెండు నాలుగై ఒక ఖాన్‌దాన్ అయింది, తలా ఒక పని. మన శెనగల దోస్తును గుర్తుపట్టే ఆ నకలు చెడింది. అందుకే బ్యాక్టీరియా వేరు బయటనే నిలబడ్డది. ఇది చెప్పేటప్పుడు ఆయన మొకం నాకు ఇంకా కనబడుతది.

పోస్టర్ మీద ఏం రాసిండ్రంటే, "మా ప్రయోగ క్షేత్రంలో యాదృచ్ఛికంగా లభించిన మొక్క." నేను చింపేస్తనని లేచిన. లొల్లి వద్దన్నడు. "మొక్క నిజం గద. పోస్టర్ పోతది, మొక్క ఉంటది." మరి నీకేం వద్దా అని అడిగిన. ఒక్కటే చెప్పిండు. కోల్డ్ రూముల ఆ విత్తనాల ప్యాకెట్ ఉంది, దాని మీద కనుగొన్నవారు అని ఒక గీత ఉంది, ఆ గీత మీద తన పేరుంటే బాగుండు అని. నేను విన్నంతల ఆయన తన కోసం అడిగింది అదొక్కటే.

శుక్రవారం పెద్దసారును అడిగిన. మీ పెద్దబాపు మంచి మనిషి, మస్తు పనిమంతుడు అన్నడు. కాని అటెండెంట్ల పేర్లు రాసే పద్ధతి లేదన్నడు. మెత్తగనే అన్నడు. నా చేతులు తడిగున్నయి, ప్యాంటుకు తుడుచుకొని వచ్చిన.

సారూ, ఇది మీరు కూడ చదువుతరని రాస్తున్న. పద్ధతి లేకుంటే పెట్టుండ్రి. ఆ నకలు జీన్‌కు సుత ముందుగాల దోస్తును గుర్తుపట్టే పద్ధతి లేకుండె. మీ స్లైడ్ మీద మీరే చూపెట్టిండ్రు. మెమో మీద ఆయన పేరు తప్పు లేకుండ రాసిండ్రు, ఆ స్పెల్లింగే ప్యాకెట్ మీద రాయుండ్రి. పోస్టర్ మాట దిద్దుండ్రి. నా కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతది, రాసినంక ఏమైతదో నాకు ఎరుకనే.

వచ్చే గురువారం పదో దినం. మూసీ ఒడ్డున పిట్టకు పెడతం. విస్తరి పెట్టి అందరం దూరం జరిగి నిలబడుతం. పిట్ట ముట్టకపోతే పెద్దమనుషులు నా దిక్కు తిరిగి, ఏం కోరిక మిగిలిందో చెప్పు, తీరుస్తమని గట్టిగ చెప్పు అంటరు. ఆ మాట నేను అనాలంటే మీ సంతకం ఉన్న కాయిదం నా చేతుల ఉండాలె. గురువారం పొద్దుగాల తొమ్మిది లోపు జవాబు పంపుండ్రి.