మేనల్లుడి గుప్పిట్లో సింహం నాణెం

నవ్వనంటేనే చెప్తా. పోయిన నెల నా కొంప నేనే ముంచుకున్నాను, అదీ నవ్వుతూ!

మేమంతా ఉండేది పరాయి దేశంలో. ఇక్కడ సెంబవాంగ్ అనే పేటలో మా చెల్లెలి కొడుకు అన్నప్రాశన. మేనమామని కదా, పాయసం నాకించాల్సింది నేనే. నా పిచ్చి మీకు తెలుసుగా, పాత యూరప్ వెండి నాణేలు. మూడేళ్ళు వెతగ్గా వెతగ్గా ఈమధ్యే ఒకటి దొరికింది. నాలుగొందల ఏళ్ళ నాటి డచ్ నాణెం, మీద సింహం బొమ్మ! మా ఆవిడకి చూపిస్తే "బావుంది" అని పప్పులో తాలింపు వేసుకుంది. ఒక్కళ్ళైనా "అబ్బా!" అనాలి కదండీ. అందుకే జేబులో వేసుకెళ్ళా.

పిల్లాడి ముందు పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు పెట్టారు. ఏది పట్టుకుంటే అందులో పైకొస్తాడని. మధ్యలో నాకెందుకు? ప్లాస్టిక్ డబ్బీలోంచి నాణెం తీసి పుస్తకం పక్కన పెట్టా, నలుగురి కళ్ళూ పడాలని!

పడ్డాయి. ముందు వాడివే పడ్డాయి. దబుక్కున ముందుకు వంగి, నాణెం గుప్పిట పట్టి, సింహాన్ని నోట్లో పెట్టేసుకున్నాడు. హాలంతా చప్పట్లు! నా గుండె గుభేలుమంది. తియ్యబోతే ఒకటే ఏడుపు. వాళ్ళ నాయనమ్మ, "వద్దు బాబూ, పట్టుకున్నది లాక్కోకూడదు" అనేసింది.

భోజనాలయ్యాక పిల్లాడు నిద్రపోయాడు. మా చెల్లెలి మొగుడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు, చాలా మంచివాడు. నాణెం కడిగి తెచ్చి, "బావగారూ, వెరీ ఓల్డ్ కదా ఇది, తీసుకోండి" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. కానీ అందరి ముందూ ఠక్కున ఎలా తీసుకుంటాం చెప్పండి?

"అబ్బే, ఉంచండి బావగారూ, వాడికంటే ఎక్కువా!" అన్నా.

మన ఊళ్ళో అయితే ఏమంటారు? "అయ్యో, అలా కుదరదు" అని జేబులో కుక్కుతారు. ఆ రెండోమాట కోసం చెయ్యి సగం చాపి రెడీగా ఉన్నా.

"ఓకే లా, థాంక్స్ ఆ!" అని ఇక్కడి యాసలో అనేసి, అద్దాల అల్మారాలో పెట్టి తాళం వేసేశాడు!

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ట్రైనెక్కి సెంబవాంగ్ పోతున్నా. పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, ఆ అల్మారాకి ఎదురుగా గంటసేపు కూర్చుంటా. మా చెల్లెలికి కళ్ళనీళ్ళు. "మేనల్లుడంటే ఎంత ప్రాణం అన్నయ్యా నీకు!" అంటుంది.

కాదని చెప్పడానికి మళ్ళీ మొహమాటం!