అప్పలస్వామి మాస్టారి ఖోఖో

అప్పలస్వామి మాస్టారికి ఏ ఆట రూల్సూ గుర్తుండవు. ఆయన మా అరకు బాలికల ఆశ్రమ పాఠశాలకి ఆటల మాస్టారు కావడమే చిక్కు.

తొంభై ఎనిమిదిలో నేను తెలుగు టీచరుగా చేరిన సాయంత్రమే చూశాను. ఖోఖోలో సోని అనే పిల్ల దొరికిపోయింది.

"ఔటా సార్?"

మాస్టారు బుర్ర గోక్కున్నారు. "ఔటైతే ఏటి సెయ్యాలో గేపకం రాట్లేదే! పోనీ, తరిమే జట్టులోకెల్లిపో."

కాసేపటికి తరిమేవాళ్ళు జాతరంతమంది, పరిగెత్తేది ఒక్కతి. అదీ దొరికాక, "ఇప్పుడందర్నీ ఈ గుంట తరమాల!" అన్నారు.

"ఎవరు గెలిచారు మాస్టారూ?" అన్నాను.

"నాకూ తెలీట్లేదు మేడమ్. తమకేటైనా తెలిసిందా?"

ఆ తర్వాత పెదబయలు పోటీలకి వెళ్ళాం. ఔటైన మా రత్న హుషారుగా వెళ్ళి ఎదుటి జట్టు వరసలో కూర్చుంది. రిఫరీ బయటికి పొమ్మంటే, "ఎందుకండీ? నేనింకా అలిసిపోలేదు కదా!" అంది పాపం. చిత్తుగా ఓడిపోయాం.

మా హెడ్మిస్ట్రెస్ ఉమామహేశ్వరిగారు మండిపడ్డారు. "రేపట్నుంచి రూల్సు ప్రకారమే ఆడించండి. లేదంటే మీకు బదిలీయే!"

మాస్టారు బుద్ధిగా ఆడించారు. రోజూ ముందుగా ఔటయ్యేది సోని. వారం తిరిగేసరికి ఆడేవాళ్ళు ఐదారుగురు, మిగతావాళ్ళు గోడవారన చింతపిక్కలాట. సోనికైతే ఆటల గంట కొట్టగానే కడుపునొప్పి. నిజమేననుకుని వాముకషాయం తాగించాను కూడా.

ఆ గోడవారన వరస చూసి ఉమామహేశ్వరిగారు తెల్లబోయారు. "వీళ్ళెందుకు ఆడరు?"

"ఔటయ్యారండి," అన్నారు మాస్టారు. "రూల్సు నాకు బాగానే వొచ్చండి. కానీ ముందుగా ఔటయ్యేది పరిగెత్తలేని గుంటే. ఏ గుంటకి పరుగు కావాలో, ఆ గుంటనే కూకోబెడతాది రూలు. కూకోడం అలవాటైతే మరి లెగరండి. అందుకే మర్సిపోయేవోణ్ణి."

ఆవిడ చెప్పులు విప్పి, కొంగు బొడ్లో దోపి మైదానంలోకి దిగారు. "రండే అందరూ!"

నాలుగడుగులైనా వెయ్యలేదు, సోని వెనకనుంచి వచ్చి పట్టేసుకుంది. ఆ పిల్ల ఒకర్ని పట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

"మేడమ్ దొరికేశారు!"

"వదలకే తల్లీ, పడిపోయేలా ఉన్నాను!" అన్నారు ఆవిడ రొప్పుతూ.

ఆ పూట సోని మారు అన్నం అడిగి తింది. ఉమామహేశ్వరిగారు మోకాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ మాస్టారికి కబురంపారు: "రేపు నన్ను కబడ్డీలో వెయ్యండి."