పైన పెట్టిన చిట్టీ

కల్హేర్ సంతలో చీరల మూట విప్పినప్పుడల్లా రోజకు వీరప్ప సేటు దుకాణం గుర్తొస్తుంది. నారాయణఖేడ్ బజారులో ఆ దుకాణం షట్టర్ ఎత్తగానే కొత్త బట్ట వాసన గుప్పుమనేది. తెల్లటి పరుపు మీద పట్టుచీర కొంగు పరిచి చూపిస్తుంటే పెండ్లివాళ్లు వచ్చిన పని మరిచిపోయేవాళ్లు. ఆరేండ్లు చేసిందక్కడ. ఆ పనంటే ఎంత ఇష్టమో ఆమెకే తెలుసు. అంత ఇష్టమైతే ఎందుకు వదిలేశావని అడిగేవాళ్లకు చెప్పాలంటే ఒక చిట్టీ సంగతి చెప్పాలి.

సిర్గాపూర్‌లో రోజ తల్లి గ్రేసమ్మ ఒకప్పుడు మిషన్ హాస్టల్లో వంట చేసేది. పాస్టరు రాసిచ్చిన చిట్టీ మీద వచ్చిన కొలువది. ఆ కాలంలో హాస్టల్లో పిల్లను చేర్చాలన్నా, ఆయా పనికి కుదరాలన్నా చర్చి ముద్ర ఉన్న కాగితం చూపిస్తే చాలు. మిషన్ కొలువులు పోయాయి గానీ చిట్టీ మీద గ్రేసమ్మ నమ్మకం పోలేదు. 2005లో రోజ ఇంటర్ పాసై పని వెతుక్కుంటుంటే తనే పాస్టరు ప్రేమదాసు దగ్గరికి పోయి రాయించుకొచ్చింది. "ఈ చిట్టీ తెచ్చే రోజ మా సంఘపు బిడ్డ. అబద్ధమాడదు. నమ్మి పని ఇవ్వవచ్చు."

"సర్టిఫికెట్ల మీద పెట్టు బిడ్డ. ముందుగాల గదే కనబడాలె," అన్నది.

రోజ అలాగే పెట్టింది. ఒక ఇంగ్లీషు మీడియం బడి ఆఫీసులో ముద్ర చూసి, కింది కాగితాలు తిప్పకుండానే తిరిగిచ్చేశారు. మందుల దుకాణం ఆయనైతే మొహం మీదే చెప్పాడు. "మా దగ్గర రోజు పూజ నడుస్తది. మీరొచ్చి మీ దేవుని ముచ్చట మొదలువెడ్తరు. వద్దమ్మా." ఇంటికొచ్చి, ఖాళీలు లేవట అని చెప్పింది రోజ.

మూడోసారి వీరప్ప సేటు దుకాణం. మెట్లెక్కబోతూ చిట్టీ తీసి సంచిలో వేసుకుంది. పక్కనే గాజుల దుకాణంలో బొట్టుబిళ్లల అట్ట కొని, ఒకటి తీసి నుదుట అంటించుకుంది. రోజ అన్న పేరు ఏ మతంవాళ్లకైనా ఉంటుంది. సేటు ఆమె మొహం చూశాడు, మార్కులు చూశాడు, మర్నాటి నుంచి రమ్మన్నాడు.

"సేటు చిట్టీ చదివిండా?" గ్రేసమ్మ ఆశగా అడిగింది.

"చదివిండమ్మా. మంచిగ రాసిండ్రు అన్నడు."

ఆ మాట గ్రేసమ్మ వాడంతా చెప్పుకుంది. రోజ మాత్రం సాయంత్రం ఆటో దిగేముందు బొట్టుబిళ్ల తీసేది. సంచిలో చేతికి తగిలేది ఆ చిట్టీయే కాబట్టి దాని వెనకే అంటించేది. దుకాణానికొచ్చిన ఊరివాళ్లు చూసినా అక్కడి రివాజు అనుకుని ఊరుకున్నారు.

సేటు చెడ్డవాడని రోజ ఈనాటికీ అనదు. గ్రేసమ్మకు జ్వరమొస్తే దవాఖానకు తన జీపు పంపాడు. దసరాకు మంచి చీర పెట్టేవాడు. "బోణీ నీ చేతి మీదనే కావాలె," అని పొద్దున ఆమె వచ్చేదాకా గిరాకీని కూర్చోబెట్టేవాడు. అంత మర్యాద చేస్తే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది. రోజకూ ఉండేది, అదే బాధ.

2011 పెండ్లిళ్ల కాలంలో ఇంకో పిల్ల కావాలన్నాడు సేటు. ఆ మాట ఇంట్లో అంటే గ్రేసమ్మ ఊరుకుంటుందా? కూతురికి చెప్పకుండా నాలుగిండ్ల అవతలి యోసేపు బిడ్డ షైనీని పంపింది. ఆ పిల్ల నవ్వుకుంటూ వచ్చి కాగితాలు సేటు ముందు పెట్టింది. చిట్టీ పైన ఉంది. సేటు చదివి, "జాగ నిండిందమ్మా," అన్నాడు. షైనీ మెట్లు దిగాక రోజ వైపు తిరిగి, "బోణీ దుకాణం. మనకెందుకు గీ పరేషాన్," అన్నాడు.

రోజ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. షైనీ వెళ్తూ వెళ్తూ రోజ నుదుటి బిళ్ల వైపే చూసి పోయింది.

మర్నాడు రోజ బొట్టుబిళ్ల లేకుండా పోయి తన చిట్టీ సేటు ముందు పెట్టింది. సేటు చదివాడు, తిప్పాడు. వెనకంతా బిళ్లలే.

"గిది నాది సేటు. ఆరేండ్ల కింద నీకు చూపియ్యలే. అబద్ధమాడదని షైనీ చిట్టీల రాసింది నిజమే. నా చిట్టీల రాసిందే అబద్ధమైంది."

సేటు చిట్టీ ఆమె వైపు జరిపి మెల్లగా అన్నాడు. "గీ ముచ్చట మన నడుమనే ఉండనీ. రేపు ఎప్పటి లెక్క వెట్టుకొని రా."

రోజ చిట్టీ తీసుకుని మెట్లు దిగింది. బస్టాండు దాకా ఏడుస్తూనే నడిచింది.

ఇంట్లో అంతా చెప్పేసింది. గ్రేసమ్మ చిట్టీ వెనక్కి తిప్పి ఆ బిళ్లలను వేలితో ఒక్కొక్కటే తడిమింది. "పైన పెట్టుమన్నది నేనే గద," అని మాత్రం అన్నది. వెంటనే యోసేపు ఇంటికి పోయి, వాకిట్లో నిలబడి, "రోజకు కొలువు చిట్టీతోని రాలే. నేను వాడంత తప్పు చెప్పిన," అని చెప్పి వచ్చింది. అంత అభిమానం గల మనిషి ఆ నాలుగు ఇండ్ల దూరం ఎట్లా నడిచిందో అని రోజ ఇప్పటికీ తలచుకుంటుంది.

ఇప్పుడు సంతలో రోజతో పాటు షైనీ కూడా చీరలు పరుస్తుంది. పాత గిరాకీ కొందరు వెతుక్కుంటూ వస్తారు. పని కోసం పోయే వాడ పిల్లలు ఇంకా గ్రేసమ్మ దగ్గరికి వస్తూనే ఉన్నారు. ఆమె ఇంకా చిట్టీ పైన పెట్టమనే చెప్తుంది.

"గింత జరిగినంక గూడ పైననేనా అమ్మా?" అని రోజ ఒకసారి అడిగింది.

"కొలువు వస్తదని కాదు బిడ్డ," అన్నది గ్రేసమ్మ. "కొలువిచ్చేటోడు ఎసొంటోడో మనకు ముందుగాల తెలవాలె గద."