పతిలో పురుగు

రిటైరైన మాస్టారికి పని లేకపోతే సలహాలివ్వడం మొదలుపెడతాడు. నేను పుస్తకాల మీద మొదలుపెట్టాను. మా నల్లపాడులో రిటైరైన టీచర్లం నెలకోసారి కలుస్తాం. సగంమంది టిఫిన్ కోసం వస్తారు, మిగతా సగం బీపీ మాత్రల గురించి మాట్లాడుకోవడానికి వస్తారు. వాళ్ల కోసం నేను ‘పుస్తక ప్రియులకు పనికొచ్చే వెబ్‌సైట్లు’ అని ఒక ఉపన్యాసం తయారుచేసి, ఒకే ఏడాదిలో నాలుగుసార్లు ఇచ్చాను. నాలుగోసారి ఎవరో తెలివిగా ఇడ్లీలు ముందే పెట్టించారు. నేను లేచి నిలబడేసరికి కుర్చీలు సగం ఖాళీ.

ఉపన్యాసంతో పాటు ఒక కాగితం జిరాక్స్ తీయించి పంచేవాణ్ణి. పాత పుస్తకాలను పేజీ పేజీ ఫొటో తీసి ఉచితంగా పెట్టే సైటు, నిఘంటువులన్నీ ఒక్కచోట వెతికిపెట్టే సైటు, పుస్తకాన్ని ఎవరో చదివి వినిపించే యాప్, చదివిన పుస్తకానికి మార్కుల్లా చుక్కలు వేసే సైటు, అన్నీ అందులో ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ చుక్కల సైటులో నేను చదవని పుస్తకాలకే ఎక్కువ చుక్కలు వేశాను. చదివినవాటిలో తప్పులు కనిపిస్తాయి, చదవనివాటి మీద గౌరవం అలాగే ఉంటుంది. చదివి వినిపించే యాప్ అయితే రెండో నిమిషానికి నన్ను నిద్రపుచ్చేది. దాన్ని కూడా ఉపయోగమనే చెప్పుకున్నాను.

ఇక వాట్సాప్‌లో పుస్తక ప్రియుల గుంపు ఒకటుంది. పొద్దున్నే పువ్వులతో శుభోదయాలు, ఆ తర్వాత పీడీఎఫ్‌లు. ఒకాయన పది పుస్తకాలు పంపిస్తాడు, అందరూ దండం పెడతారు, ఎవరూ తెరవరు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీ బస్తాలు ధర కోసం ఎదురుచూస్తున్నట్టు, మా ఫోన్లలో ఆ పుస్తకాలన్నీ తీరిక కోసం ఎదురుచూస్తుంటాయి. మిర్చికి ఎప్పుడో ఒకప్పుడు ధర వస్తుంది.

ఈ డిజిటల్ భక్తి పుట్టకముందు నాకు కాగితం పుస్తకాల పిచ్చి ఉండేది. అద్దంకి దగ్గర ఒక ఊళ్లో హైస్కూల్లో పనిచేసేటప్పుడు గుంటూరు వెళ్లి ఒక రబ్బరు స్టాంపు చేయించుకున్నాను. పైన నా పేరు, కింద ‘సొంత గ్రంథాలయం’, దాని కింద ‘పదిహేను రోజులలో తిరిగి ఇవ్వవలెను’. స్టాంపు వచ్చిన ఆదివారం బీరువాలోని పుస్తకాలన్నీ దింపి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వరసగా గుద్దుతూ కూర్చున్నాను. అంత శ్రద్ధగా నేను పరీక్ష పేపర్లు కూడా దిద్దలేదు.

ఆ ఊళ్లో మేం అద్దెకున్న ఇంటివాళ్ల అబ్బాయి నా ఈడువాడు, స్నేహితుడయ్యాడు. పత్తి వేస్తాడు, వాళ్ల చర్చిలో పెద్ద. వాళ్ల నాన్నగారు మిషన్ స్కూల్లో ఎలిమెంటరీ మాస్టారు. బడి వదిలాక నేరుగా చేలోకి వెళ్లి, ఏ పురుగు ఎప్పుడొస్తుందో, ఆకు కింద గుడ్లెలా ఉంటాయో చూసి నోటుబుక్కులో రాసుకునేవారు. అదంతా అరవై పేజీల చిన్న పుస్తకంగా వేయించారు. పేరు ‘పత్తిలో పురుగు’. ఆయన పోయాక ఇంట్లో ఉన్న కాపీలన్నిటికీ చెదలు పట్టి, ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటీ నేను తీసుకున్నాను. పిల్లలకు పాఠం చెప్పడానికి కావాలన్నాను, నాలుగు రోజుల్లో ఇస్తానన్నాను. తర్వాత నాకు బదిలీ అయింది, నాలుగు రోజులు కాస్తా ఇరవయ్యేళ్లయ్యాయి.

మొన్న వేసవిలో వాడు ఫోన్ చేశాడు.

“ఏరా, బాగున్నావా? వచ్చే నెల మొదటి ఆదివారం నాన్న జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ఆయన పుస్తకం నీ దగ్గరుందిగా, అది తీసుకురారా.”

“ఎందుకురా?” అన్నాను.

“పుస్తకమంతా అక్కర్లా. మొదటి పేజీలో నాకు రాసిచ్చాడు చూడు, ఆ రెండు ముక్కలు అందరి ముందూ చదవాలని. ఆయన చేత్తో రాసింది ఇంట్లో ఇంకేం మిగల్లేదురా. ఏం రాశాడో కూడా నాకు సరిగ్గా గుర్తు రావట్లా.”

“భద్రంగా ఉందిరా, బీరువాలో” అన్నాను.

బీరువాలో లేదు. మంచం కింద పెట్టెలో లేదు. అటక మీద నా సన్మాన పత్రాలు ఉన్నాయి గానీ పుస్తకం లేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కాసేపు నా అవస్థ చూసి, తల ఎత్తకుండానే చెప్పింది.

“ఈ ఇంటికి మారినప్పుడు రెండు గోతాలు పాత పేపర్ల అతనికి వేశాం కదండీ. నేను వద్దంటే మీరే అన్నారు, ఇప్పుడన్నీ ఫోన్లోనే దొరుకుతాయే, ఈ దుమ్మంతా ఎందుకని.”

నా కాగితం మీద మొదటి వాక్యం కూడా అదే: ‘ఇప్పుడన్నీ ఫోన్లోనే దొరుకుతాయి.’ అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్న మాట నాకోసమే పుట్టినట్టుంది.

సరే, నేను పంచిన కాగితం నేనే ముందు పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని మొదటి వాక్యం దాటి చదవడం నాకూ అదే మొదటిసారి. పాత పుస్తకాల సైటులో ‘పత్తి’ అని కొడితే ఏమీ లేవంది. ‘పురుగులు’ అని కొడితే కడుపులో నులిపురుగుల మీద ఒక వైద్య గ్రంథం వచ్చింది, అందులో సగం పేజీలు తలకిందులు, మిగతా సగంలో ఫొటో తీసినాయన బొటనవేలు. నిఘంటువుల సైటు పత్తికి ఎనిమిది పర్యాయపదాలిచ్చింది, పుస్తకం ఇవ్వలేదు. వాట్సాప్ గుంపులో అడిగాను. పదిమంది దండాలు పెట్టారు. ఒకాయన ‘మీకు దొరికితే నాకూ పంపండి మాస్టారూ’ అన్నాడు. ఇంకొకాయన పత్తి విత్తనాల కరపత్రం పంపాడు. మరొకాయన ఎంతో ఆప్యాయంగా ఒక పీడీఎఫ్ పంపాడు, తెరిచి చూస్తే అది నా కాగితమే.

వారం గడిచింది. వాడు మళ్లీ ఫోన్ చేసి, కూడికకు పాస్టరుగారు ఒప్పుకున్నారని, పుస్తకం సంగతి కూడా ఆయనకు చెప్పానని అన్నాడు. అన్నం సహించడం మానేసింది. వాడి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియలేదు.

దారి చూపింది మా ఆవిడే. వచ్చి నా పక్కన నిలబడి, “ఇంగ్లీషు అక్షరాల్లో పత్తికి ఎన్ని టీలండీ?” అని అడిగింది.

“రెండు. కొందరు హెచ్ కూడా పెడతారు.”

“ఒక్క టీయే పెట్టినవాళ్లు ఉండరా?”

పుస్తకం పేరంతా ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్క టీతో కొట్టాను. ఒకే ఒక్క పుస్తకం వచ్చింది. ఆ సైటులో పుస్తకాల పేర్లన్నీ ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, ఆ తర్వాత ఇంకెవరో పుస్తకం తెరవకుండానే వాటిని మళ్లీ తెలుగులోకి మార్చారు. మధ్యలో ఒక తవత్తు జారిపోయింది. ‘పతిలో పురుగు’. విభాగం: కుటుంబ జీవనం. కింద ఒక పాఠకురాలి అభిప్రాయం కూడా ఉంది: ‘భర్తల గురించి ఒక్క ముక్క లేదు. అంతా పురుగుమందుల గోల. ఒక్క చుక్క.’

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక గోడకానుకుంది. “ఎవరో అనుభవం మీద రాశారనుకున్నానండీ” అంది. నాకు ఆ క్షణంలో ఎంత సంతోషమేసిందంటే, నేనూ నవ్వాను. మా సభలో ఐదో ఉపన్యాసం ఇవ్వాలని కూడా అనుకున్నాను.

పుస్తకం దిగింది. మొదటి పేజీ తెరిచాను.

నా రబ్బరు స్టాంపు. ఊదారంగు సిరా, పైన నా పేరు, సొంత గ్రంథాలయం, పదిహేను రోజులలో తిరిగి ఇవ్వవలెను. అంటే పాత పేపర్ల గోతంలోంచి ఏ పాత పుస్తకాల కొట్టుకో వెళ్లి, అక్కడ ఏ పుణ్యాత్ముడి చేతిలోనో పడి, నేను పారేసిన పుస్తకమే నాకు తిరిగి దొరికింది. దొరకడం బాగానే ఉంది. కానీ ఆ స్టాంపు ఖాళీ జాగాలో లేదు. ఆ మాస్టారు కొడుక్కి రాసిచ్చిన మాటల మీద ఉంది. ‘మా చిన్నోడికి’ అన్న దాని మీద సరిగ్గా నా పేరు పడింది.

చూసుకోకుండా కొట్టానని నాకు నేను చెప్పుకోవాలని చూశాను. కుదరలేదు. ఆ ఆదివారం నాకు గుర్తుంది. ఆ చేతిరాత చూశాను, ఒక్క క్షణం ఆగాను, గుద్దాను. తిరిగి ఇవ్వాలన్న ఉద్దేశం ఆ రోజుకే నాలో లేదన్నమాట. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ అంతా చదివింది.

“పుస్తకం పేరు తప్పు పడలేదండీ” అని, మళ్లీ మిరపకాయల దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పటికీ నా బుద్ధి మారలేదు. ఫొటోల మీద మరకలు తుడిచే యాప్ ఒకటుంది, అదీ నా కాగితంలో ఆఖరి నంబరు. స్టాంపు మీద వేలు పెట్టి రుద్దాను. స్టాంపు శుభ్రంగా పోయింది, దానితో పాటు ‘మా చిన్నోడికి’ కూడా పోయింది. తెల్ల కాగితం మిగిలింది. వెంటనే వెనక్కి నొక్కాను, రెండూ తిరిగొచ్చాయి. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి, జిరాక్స్ షాపుకి వెళ్లి, ఉన్నది ఉన్నట్టుగా అరవై పేజీలూ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. వాడు పందిరి కింద కుర్చీలు వేయిస్తున్నాడు. పుస్తకం చేతిలో పెట్టి, గోతాల సంగతి, ఫోన్లో చెప్పిన అబద్ధం సంగతి మొత్తం చెప్పేశాను. వాడు నా మాట వింటున్నాడో లేదో తెలియలేదు. మొదటి పేజీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, నా పేరు కింద ఉన్న అక్షరాలను వేలితో ఒక్కొక్కటే పట్టుకుంటూ చదివాడు.

“మా చిన్నోడికి” అన్నాడు. “ఇదేరా, ఇదే మర్చిపోయాను. నన్ను అలా పిలిచేవాడు.”

కూడికలో వాడు ఆ పేజీ పైకి చదివాడు. ‘మా చిన్నోడికి. ఆకు పైన చూసి మురిసిపోవద్దు. తిప్పి చూడు. నాన్న.’ అంతే ఉంది. చదివి, కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నేను వెనక వరసలో తలొంచుకుని కూర్చున్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అయినా అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది.

భోజనాలయ్యాక వాడు నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. పుస్తకం చంకలోనే ఉంది. బస్సు కనిపించాక దాన్ని తీసి, మొదటి పేజీ తిప్పాడు.

“ఒరేయ్, పదిహేను రోజుల్లో తిరిగి ఇమ్మని రాసుంది దీని మీద” అన్నాడు. “నాకు కాస్త ఆలస్యమవుద్దేమో, ఏమనుకోకు.”

నవ్వుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు.