ఒక్క అంతస్తు తాత కంటికి ఆనదు

ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రయాణికుల విమానాలను కంపెనీ వాళ్లు ఎందుకు మూలకు పెట్టారో మీకు తెలుసా? కరోనాకు జనం ప్రయాణాలు మానుకున్నారు, సీట్లు నిండలేదు అని పేపర్లో రాశారు. అది పేపర్ వాళ్లకు తెలిసిన సంగతి. మా బాన్సువాడలో తెలిసిన సంగతి వేరే. మా తాత భూమన్న తుడవడం మానేశాడు, అందుకని అవి ఎగరడం మానేశాయి.

తాత గల్ఫ్‌లో రెండంతస్తుల విమానాలు శుభ్రం చేసేవాడు. కింది అంతస్తు వేరేవాళ్లది, పై అంతస్తు ఆయనది. చేతిలో తుడిచే గుడ్డ ఉన్నంతసేపూ ఆయనదే. అక్కడ అంటుకున్న జబ్బు ఇప్పటికీ తగ్గలేదు. ఒక్క అంతస్తున్న వస్తువు ఏదీ ఆయన కంటికి ఆనదు. నా చదువు పదో తరగతి దగ్గరే ఆగింది కాబట్టి నన్నూ లెక్కచేయడు.

కోటగిరి పోవాలని తాత ఒకసారి మా ఊరి మధుకర్ ఆటోను ఆపాడు.

"కాకా, ఎక్కు. ఒక్క సీటే ఉంది."

"పైన లేదా?"

"పైన కోళ్ల గంప ఉంది కాకా. జరిపి కూసుంటవా?"

తాత నిజంగానే తలెత్తి చూశాడు. కోళ్లు కూడా ఆయన్ని చూశాయి. చివరికి కిందనే కూర్చున్నాడు గానీ, కోటగిరి దాకా మధుకర్‌తో మాట్లాడలేదు.

ఆకాశంలో విమానం పోతే చేయి అడ్డం పెట్టుకొని చూసి, "గది ఏం విమానం? ఒళ్లె పండబెట్టుకొని తుడ్వొచ్చు" అంటాడు. గల్ఫ్ నుంచి వచ్చాక రైస్‌మిల్లులో వాచ్‌మన్‌గా చేరాడు. ఆ మిల్లునే ఎందుకు ఎంచుకున్నాడంటే, దానికి పైకి మెట్లున్నాయి. చాయ్ కప్పూ సాసరుతోనే తాగాలంటాడు. కింద సాసరు, పైన కప్పు, లెక్క సరిపోయింది.

మా ఇంటికీ మెట్లున్నాయి. అవి ఎక్కితే పైన ఇనుప రాడ్లు తుప్పుపట్టి నిలబడి ఉంటాయి, అంతే. ఎవరైనా అడిగితే తాత, "మేడ ఇంక దిగలే, పైననే చక్కర్లు కొడుతుంది" అంటాడు.

ఆ మాటకు అందరూ నవ్వుతారు, మా అవ్వ గంగాబాయి తప్ప. ఆ మేడ అవ్వ కోరిక. ఇంట్లో కూర్చొని బీడీలు చేస్తే తంబాకు ఘాటుకు దగ్గొస్తుంది. పైన ఒక్క గది పడితే, కిటికీ దగ్గర గాలికి కూర్చోవాలనుకుంది. తాత కూడా సరేనన్నాడు. ఇంతలో కరోనా వచ్చింది. పెద్ద విమానాలను ఎడారిలో వరసగా నిలబెట్టారు, ఇక ఎగరవన్నారు. తుడిచేవాళ్లలో సగం మందిని ఇంటికి పొమ్మన్నారు. తాత పెట్టె పట్టుకొని వచ్చి గడపలోనే చెప్పాడు.

"నన్ను చిన్నయి తుడ్వుమన్నరు. నేను తుడ్వ అన్న."

"చిన్నదైతే ఏంది? అన్నం పెట్టదా?" అంది అవ్వ.

"ఒక్కటే అంతస్తు గంగా. ఇట్ల ఎక్కంగనే అయిపోతది."

అవ్వ లోపలికెళ్లి కప్పూ సాసరూ అటక మీద పెట్టేసింది. ఆ రోజు నుంచి తాతకు చాయ్ స్టీలు గ్లాసులోనే. దగ్గొచ్చినప్పుడల్లా, "మీ తాత పొగరుకు నా మేడ గాలిల కలిసింది" అని గోడకు చెప్పేది, తాతకు వినపడేటట్టు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం భిక్యా వచ్చాడు. నస్రుల్లాబాద్ దగ్గరి తండా మనిషి, తాతతో పాటు పై అంతస్తు తుడిచినవాడు. చిన్న విమానాల్లోకి మారి అక్కడే ఉన్నాడు, ఇప్పుడు సెలవు మీద వచ్చాడు. అతన్ని చూడగానే తాత ముఖం మారిపోయింది.

"ఎండల పడి వచ్చినవ్. నీళ్లు తాగు, ఇగ పో."

"పోత గని, వదినెతోని ఒక ముచ్చట ఉంది" అని భిక్యా అవ్వ ముందు కూర్చున్నాడు. "మా సూపర్‌వైజర్ నౌకరి ఇడిసిపెట్టి పోతపోత చెప్పిండు వదినా. ఉంచుకునేటోళ్లల్ల అన్న పేరుండెనట. ఇంటికి పంపేటోళ్లల్ల నాది. అన్ననే పోయి, నా జాగల భిక్యాను పెట్టుకోండ్రి అన్నడట. గప్పుడు నా బిడ్డ నర్సింగ్ సదువుతుండె. గిప్పుడు కామారెడ్డిల నర్సు."

"తాత నీకు అప్పుడు చెప్పలేదా?" అని నేనడిగాను.

"చెప్పిండు. 'నీ చేతులు పొట్టియి, నీకు చిన్న విమానమే సరిపోతది' అన్నడు. రోషమొచ్చి చాన దినాలు ఫోన్ చెయ్యలే."

బీడీ ఆకు కత్తిరిస్తున్న అవ్వ చేయి ఆగింది. "నాకన్న చెప్పొద్దా?" అంది.

తాత మెట్ల వైపు చూశాడు. "చెప్తే సరే అంటుంటివి. ఇగ మేడ ఊసే ఎత్తకపోతుంటివి. నువ్వు దగ్గుకుంట సప్పుడు చెయ్యకపోతే నాకు మనసున పట్టది. తిడుతుంటెనే మంచిగుంటది."

అవ్వ ఒళ్లోని ఆకు దులుపుకొని లోపలికి వెళ్లింది. స్టూలు జరిపిన చప్పుడైంది. తర్వాత అటక మీద గిన్నెలు కదిలాయి. చాయ్ వచ్చింది. భిక్యాకు స్టీలు గ్లాసు, తాతకు కప్పూ సాసరూ.

భిక్యా గ్లాసు తిప్పి చూసుకొని, "నాకు ఒక్క అంతస్తు అలవాటైందిలే వదినా" అన్నాడు. అవ్వ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గుతూనే తాతను తిట్టింది, ఈసారి గోడకు కాదు, నేరుగా.

భిక్యా వెళ్లాక నేను తాత పక్కన చేరాను.

"తాతా, చిన్న విమానమంటే నామోషి అన్నదంతా నాటకమే కదా?"

తాత చాయ్ పై అంతస్తులోంచి కింది అంతస్తులోకి వంచుకొని, ఊది, ఒక గుక్క తాగాడు.

"నాటకమేంది? చిన్నదే. ఇద్దరికి సరిపోలే."